నోట్లో నాలుక లేకపోవుడే సాత్వికమా?

ప్రశ్న: అయ్యగారూ, మాది పరకాల దగ్గర ఒక ఊరు. నాయిన పోయినంక అన్నకు నాకు చెరి రెండెకరాలు వచ్చినయ్. మొన్న దుక్కులప్పుడు అన్న గెట్టు రాళ్లు జరిపి నా దిక్కు రెండు సాళ్లు కలుపుకున్నడు. అడుగుదామంటే సంఘంల అందరు "నువ్వు విశ్వాసివి, సాత్వికంగ ఉండు, ఊకో" అంటున్రు. ఊకుంటే లోపట కుతకుత ఉడుకుతున్నది, నిద్ర పడ్తలేదు. అమ్మ అన్న దగ్గరనే ఉంటది, పత్తి గింజలు పెట్టినప్పటి సంది నేను ఆ ఇంటికే పోలే. సాత్వికమంటే ఇదేనా?

జవాబు: తమ్ముడూ, కాదు. లోపట ఉడుక్కుంట నోరు మూసుకున్నదాన్ని భయమనాలె, లేకపోతే పగ అనాలె. మన దగ్గర సాత్వికుడు అనంగనే నోట్లో నాలుక లేనోడు, ఎవడేమన్నా తల వంచుకుని పోయేటోడు యాదికొస్తడు, గదే తిప్పలు. "సాత్వికులు ధన్యులు, వారు భూలోకమును స్వతంత్రించుకొందురు" అని మత్తయి 5:5 ల ఉన్నది కదా, అక్కడున్న గ్రీకు మాటను మచ్చికైన పశువులకు కూడా వాడేటోళ్లు.

నా చిన్నతనంల మా తాత కొత్త కోడెను ముసలెద్దు పక్కన కాడి కట్టేటోడు. మొదట్ల అది మెడ విదిలిచ్చి, అడ్డం తిరిగి, ఒకసారి పలుపు తెంపుకుని చెరువు కట్ట దాకా ఉరికింది, తాత కొట్టలే, దాని ఎనుకనే పోయి మెడ నిమిరి తోలుకొచ్చిండు. నెల తిరిగేసరికి అదే కోడె సాలు తప్పకుండ గుంజింది. దాని బలం ఒక్క పిసరు తగ్గలే. మత్తయి 11:29 ల యేసు ప్రభువు నా కాడి ఎత్తుకొమ్మంటడు, అదే వచనంల నేను సాత్వికుణ్ణి అంటడు, అరక కట్టినోనివి, ఈ రెండు మాటలు పక్కపక్కన ఎందుకున్నయో నీకు నేను చెప్పాల్నా.

ఆ ప్రభువునే ప్రధానయాజకుని ముందట ఒక బంట్రోతు చెంప మీద కొడితే, నేను తప్పు మాట్లాడితే ఆ తప్పేందో చెప్పు, మంచిగ మాట్లాడితే ఎందుకు కొడ్తున్నవని అడిగిండు (యోహాను 18:23). తిట్టలే, చెయ్యి లేపలే, కానీ అడిగిండు!

నీ సంగతికి ఇంక దగ్గరున్నది మోషే కథ. సంఖ్యాకాండం 12ల ఆయన మీద మాటలన్నది పరాయోళ్లు కాదు, సొంత అక్క మిర్యాము, అన్న అహరోను. మోషే భూమి మీద అందరికంటె సాత్వికుడని రాసింది గక్కడనే. తన తరఫున ఒక్క మాట మాట్లాడలే, అక్కకు కుష్ఠు వస్తే మాత్రం బాగు చెయ్యి దేవా అని మొరపెట్టిండు. మరి గదే మోషే జనం మొక్కుతున్న బంగారు దూడను చూసి దేవుని ఆజ్ఞలున్న రాతి పలకలు పగలగొట్టిండు, పొరుగోని సరిహద్దు రాయి జరపొద్దన్న ఆజ్ఞ కూడా ఆయన చేతనే వచ్చింది (ద్వితీయోపదేశకాండం 19:14). కాబట్టి గెట్టు గురించి అడుగుడు పాపమని ఎవరన్నా అంటే నేనొప్పుకోను.

ముందు అన్నతోని ఒక్కనివే మాట్లాడు, మత్తయి 18:15 చెప్పేది గదే. ఇనకపోతే ఇద్దరు పెద్దమనుషులను తీస్కపో. అప్పటికి తెగకపోతే సర్వేయర్‌తోని కొలిపియ్యి, కొలత రోజు నువ్వే ఫోన్ చేసి అన్నను పిలువు, ఆయన లేంగ గొలుసు పట్టొద్దు. కొలతల నీదే తప్పని తేలితే రాయి నువ్వే జరుపు.

ఇదంత తెగేదాక ఆగకు, ఈ ఆదివారం ఆరాధన అయినంక అమ్మ దగ్గరికి పో, గెట్టు మాట ఎత్తకు, అన్నం పెడితే తిని రా.