బొమ్మల జట్టుకు రంగులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాల్లో సగానికి పైగా డ్రెడ్‌బాల్ గురించే. తెలియనివాళ్లకు రెండు ముక్కలు: ఇది ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌కు చెందిన మాంటిక్ గేమ్స్ 2012లో జనం ముందుకు తెచ్చిన, రంగులేసిన చిన్న బొమ్మలతో బల్ల మీద ఆడే టేబుల్‌టాప్ ఆట. రూపకర్త జేక్ థార్న్‌టన్. ఎప్పుడో రాబోయే కాలంలో గ్రహాంతర జట్లు ఆడుకునే మొరటు బంతాట అన్నమాట. ఆరు మూలల గళ్ల మైదానంలోకి జట్టుకు ఆరుగురు దిగుతారు. బంతి విసిరి పాయింట్లు తెచ్చేవాళ్లు స్ట్రైకర్లు, ఎదుటివాణ్ణి గుద్ది పడేసేవాళ్లు గార్డులు, రెండు పనులూ కాస్త కాస్త చేసేవాళ్లు జాక్‌లు.

పెట్టె తెరిస్తే స్ట్రైకర్ చెయ్యి వంకర తిరిగి ఉంది. ప్లాస్టిక్ సిమెంటుతో అంటిస్తే పట్టలేదు. అచ్చు గీతల్ని (అచ్చు రెండు సగాలూ కలిసేచోట మిగిలే గీతలు) ఆకురాయితో రుద్దితే నూగు లేచింది. సరుకు నాసిరకమా?
— గుంటూరు

నాసిరకం కాదు, వేరే రకం. మొదటి విడత బొమ్మలు చాలావరకు మెత్తటి రెజిన్-ప్లాస్టిక్ మిశ్రమం. ఆటగాళ్లు దాన్ని రెస్టిక్ అంటారు. ప్లాస్టిక్ సిమెంటు అసలు జిగురే కాదు, గట్టి పాలిస్టైరీన్‌ను కరిగించి కలిపే ద్రావకం. రెస్టిక్‌ను అది కరిగించలేదు. ఫెవిక్విక్ లాంటి సూపర్‌గ్లూ వాడండి, ఆవగింజంత చాలు. ఎక్కువైతే దాని ఆవిరి చుట్టుపక్కల తెల్లటి బూజులా పేరుకుంటుంది.

వంకర చేతికి వేన్నీళ్ల వైద్యం. మరిగిన నీళ్లు దించి రెండు నిమిషాలు ఆగి, పట్టకారుతో చేతిని అరనిమిషం ముంచండి. మెత్తబడగానే సరిచేసి, అలాగే పట్టుకుని చన్నీళ్లలో పెట్టండి. చన్నీళ్లు మానేస్తే పొద్దున్నకి మళ్లీ పాత వంకరే. అచ్చు గీతలకు ఆకురాయి వద్దు. కొత్త బ్లేడుతో, ఉల్లిపొర తీసినంత పల్చగా కోసెయ్యాలి. చివర్లో గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన గోరువెచ్చటి నీళ్లలో పాత టూత్‌బ్రష్‌తో కడగండి. అచ్చు నుంచి ఊడిరావడానికి రాసిన జిడ్డు మిగిలితే రంగు పొట్టులా లేస్తుంది.

స్ప్రే ప్రైమర్ (రంగు పట్టడానికి ముందుగా వేసే పూత) కొడితే బొమ్మల మీద ఇసుక చల్లినట్టు గరుకుగా వస్తోంది.
— విశాఖపట్నం

గరుకుదనానికి కారణం దూరం, వేడి. తుంపర బొమ్మను చేరకముందే గాల్లో ఆరిపోయి పొడిలా పడుతోంది. డబ్బాను 20-25 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, నిమిషం పైనే బాగా కుదిపి, బొమ్మకు పక్కన మొదలుపెట్టి అవతలి పక్కన ఆపండి. ఒక్కో విసురు ఒక సెకను. మండుటెండలో డాబా మీద కొట్టొద్దు.

చెమ్మ వల్ల వచ్చే తంటా వేరు: పొర మసకబారుతుంది, సరిగ్గా పట్టదు. గాల్లో తేమ 70 శాతం దాటితే స్ప్రే జోలికి పోకండి. తెల్లవారుజామున చల్లగా ఉంటుంది కదా అని అప్పుడే కొడతారు చాలామంది. తేమ శాతం ఎక్కువుండేదీ అప్పుడే. మీ ఊళ్లో వానాకాలమంతా బ్రష్‌తో పూసే ప్రైమరే మేలు. రెండు పల్చటి పూతలు, మధ్యలో గంట విరామం.

పసుపు జెర్సీ ఎన్ని పూతలు వేసినా చారలుగానే ఉంటోంది.
— కరీంనగర్

పసుపు రంగులు చాలావరకు పారదర్శకం. కింద ఏముంటే అది పైకి కనిపిస్తుంది. నలుపు ప్రైమర్ మీద నేరుగా వేస్తే ఆకుపచ్చ డాగు వస్తుంది. ముందు కావిరంగు లాంటి ముదురు పసుపో, లేత గులాబీయో ఒక పూత వేసి, దాని మీద మీ పసుపు రెండు పూతలు వెయ్యండి. రంగు చుక్కకు నీళ్లు చుక్క. బ్రష్‌ను టిష్యూ మీద ఒకసారి ఒత్తి, పలకపలకకీ ఒకే దిక్కుకి లాగండి. సగం ఆరిన చోట మళ్లీ తాకితే పొర చిరుగుతుంది. చారలకు అసలు కారణం చాలాసార్లు ఈ తొందరే.

జెర్సీ నంబర్లు డెకాల్‌తో (నీళ్లలో నానబెట్టి అంటించే పల్చటి స్టిక్కర్) అంటిస్తే చుట్టూ వెండి మెరుపులా కనిపిస్తోంది. చేత్తో రాద్దామంటే వంకర్లు.
— డాలస్

స్పోర్ట్స్ బొమ్మలకు అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. మొహం ఎంత బాగా దిద్దినా బల్ల అవతల కూర్చున్నవాడికి కనిపించేది నంబరే.

ఆ మెరుపు డెకాల్ కింద చిక్కుకున్న గాలి. మాట్ (మెరుపులేని) ఉపరితలం సూక్ష్మంగా గరుకు కాబట్టి ఆ గుంటల్లో గాలి మిగిలిపోతుంది. అందుకే అంటించేచోట ముందు మెరిసే గ్లాసీ వార్నిష్ పూసి పూర్తిగా ఆరనివ్వాలి. నంబరును అంచు దాకా దగ్గరగా కత్తిరించి, గోరువెచ్చటి నీళ్లలో 15 సెకన్లు ముంచి, టిష్యూ మీద నిమిషం వదిలెయ్యండి. ఈలోపు భుజం మీద డెకాల్ పట్టడానికి వాడే మైక్రో సెట్ ద్రవం ఒక చుక్క వేసి, తడి బ్రష్‌తో కాగితం మీంచి నంబరును దాని మీదకి జార్చండి. చోటు కుదిరాక టిష్యూ మూలతో నీళ్లు అద్దెయ్యండి. తర్వాత డెకాల్‌ను మెత్తబరిచే మైక్రో సోల్ ద్రవం పల్చగా. నిమిషంలో నంబరు ముడతలు పడి పాడైపోయినట్టు కనిపిస్తుంది. అప్పుడు వేలు పెట్టారో చిరిగిందే! ఆరుతూ దానంతటదే సర్దుకుని భుజం వంపుకి అతుక్కుంటుంది. బుడగ మిగిలితే సూదితో పొడిచి మళ్లీ మైక్రో సోల్. గుండ్రటి భుజానికైతే డెకాల్ అంచున ఖాళీ చోట మిల్లీమీటరు గాటు పెట్టండి. మర్నాడు మాట్ వార్నిష్.

చేత్తో రాసేవాళ్లకు: 000 బ్రష్ కొనకండి. అంత సన్నటి కుచ్చులో రంగు బొమ్మను చేరకముందే ఆరిపోతుంది. మొన చక్కగా కూడే 1వ నంబరు బ్రష్ చాలు. అంకెను మొదట్లోనే సన్నగా రాయాలని చూడొద్దు. 4 కావాలంటే లావుపాటి మూడు గీతలు పెట్టి, ఆరాక జెర్సీ రంగుతో రెండు వైపుల నుంచీ చెక్కుతూ రండి. రాయడం కన్నా చెరపడం తేలిక. 1, 4, 7 ముందు ఎంచుకోండి. 8, 3 చెయ్యి తిరిగాక.

ఆట మధ్యలో జాక్ ఎవరో స్ట్రైకర్ ఎవరో తేలక గొడవలవుతున్నాయి.
— హైదరాబాద్

బొమ్మ నిలబడే బేస్ (అడుగు పలక) అంచుకు రంగు వెయ్యండి: స్ట్రైకర్‌కు తెలుపు, జాక్‌కు నారింజ, గార్డుకు నలుపు. ఇది జట్టు రంగుల్లో కలిసిపోకూడదు. ఈ ఆటలో ఆటగాడి ముఖం ఎటుందన్నది లెక్కే. ముందున్న మూడు గళ్ల మీదే వాడి అజమాయిషీ. గంతులేస్తున్న బొమ్మకు ముందేదో వెనకేదో చూస్తే తెలియదు. ముందువైపు అంచున చిన్న గీత పెడితే సగం గొడవలు ఉండవు.

ఫెవిక్రిల్ క్రాఫ్ట్ రంగులు వాడొచ్చా?
— ఒంగోలు

బేస్‌లకు నిస్సంకోచంగా. జెర్సీలకు, మొహాలకు వద్దు. పల్చన చేసేసరికి రంగు చాలకుండా పోతుంది, చిక్కగా వేస్తే చెక్కడం పూడుకుపోతుంది. బొమ్మల కోసమే చేసే మోడల్ రంగులు తెలుపు, నలుపు, మీ జట్టు రంగులు రెండు, మొత్తం నాలుగు సీసాలు కొంటే జట్టు మొత్తానికి సరిపోతాయి.

మొదటి జట్టు పాడు చేసుకున్నాను. రంగు ఊడదీసే మార్గముందా?
— రాజమహేంద్రవరం

ఇంట్లో డెటాల్ ఉంది కదా, గోధుమరంగు యాంటిసెప్టిక్ లిక్విడ్, అదే. మూత ఉన్న గాజు సీసాలో నీళ్లు కలపకుండా పోసి బొమ్మల్ని ఒక రోజు నానబెట్టండి. ముందు ఒక్కదానితో పరీక్షించి చూడండి. మెత్తటి బొమ్మ కొంచెం సాగొచ్చు. చేతికి గ్లవ్స్, కిటికీలు తెరిచి, టూత్‌బ్రష్‌తో రుద్దండి. అందరూ తప్పుచేసేది ఇక్కడే: కుళాయి కింద పెట్టేస్తారు. ఊడిన రంగు, డెటాల్, నీళ్లు కలిస్తే తారులాంటి జిగట తయారై సందుల్లో ఇరుక్కుంటుంది. రంగంతా పోయేదాకా డెటాల్‌లోనే తొలిచి, తుడిచి, ఆఖర్న మాత్రమే సబ్బునీళ్లు. గోళ్ల రంగు తీసే ఎసిటోన్ మాత్రం ముట్టుకోకండి. రంగుతో పాటు బొమ్మ ముక్కూ మొహమూ కూడా పోతాయి.