పాత విలువ మారిపోతే…

ప్రశ్న: సీ ప్లస్ ప్లస్‌లో ఊళ్ల పేర్లను ఒక వెక్టర్‌లో (అంశాల వరుస జాబితాలో) ఉంచాను. ‘పాలమూరు’ ఉన్న ప్రతిచోటా ‘మహబూబ్‌నగర్’ రావాలని, రీప్లేస్ ఫంక్షన్‌కు పాత విలువగా వెక్టర్‌లోని మొదటి అంశమైన ‘పాలమూరు’నే ఇచ్చాను. అదొక్కటే మారింది. కారణమేమిటి?
– డిగ్రీ విద్యార్థి, దేవరకొండ

జవాబు: అల్గారిథమ్ హెడర్‌లోని రీప్లేస్‌కు మొదలు, చివర, పాత విలువ, కొత్త విలువ ఇస్తాము. అయితే అది పాత విలువను నకలు చేసుకోదు, రిఫరెన్స్‌గానే తీసుకుంటుంది, అంటే ప్రతిసారీ ఆ అసలు అంశాన్నే చూస్తుంది. అందువల్ల మొదటి అంశం ‘మహబూబ్‌నగర్’గా మారిన క్షణంలోనే, పోల్చవలసిన పాత విలువ కూడా ‘మహబూబ్‌నగర్’ అయిపోయి, తరువాత ఎదురయ్యే ‘పాలమూరు’ దేనితోనూ సరిపోలకుండా మిగిలిపోతుంది. ప్రోగ్రామ్ చక్కగా కంపైల్ అవుతుంది కనుక ఈ పొరపాటు సులభంగా కంటపడదు. మీరు ఫలితాన్ని సరిచూసుకోవడం ఎంతో మంచి అలవాటు. మొదటి అంశాన్ని ముందుగా వేరొక స్ట్రింగ్ వేరియబుల్‌లోకి నకలు చేసి, ఆ వేరియబుల్‌నే ఫంక్షన్‌కు ఇవ్వండి.

రీప్లేస్ మొత్తం అంశాన్నే పోలుస్తుంది కాబట్టి, జాబితాలో ‘పాలమూరు యూనివర్సిటీ’ ఉంటే దానిని ముట్టుకోదు; మీ అవసరానికి అదే సరైనది. అసలు జాబితా యథాతథంగా ఉండాలంటే, మార్చిన ఫలితాన్ని వేరేచోట రాసే రీప్లేస్ కాపీ ఫంక్షన్ వాడండి.