కర్రెతేరా ఆస్ట్రల్ మీద కారు ప్రయాణం: 14 రోజులు చాలతాయా?

ప్రశ్న: జనవరిలో చిలీలోని ప్వెర్తో మోంత్‌లో కారు అద్దెకు తీసుకుని, కర్రెతేరా ఆస్ట్రల్ (రూటా 7) చివర ఉన్న విల్లా ఓహిగ్గిన్స్ దాకా వెళ్లి రావాలని ఉంది. నలుగురం, ఇద్దరికి డ్రైవింగ్ వచ్చు. 14 రోజులు చాలతాయా? 4×4 తప్పనిసరా? దారిలో పెట్రోలుకు ఇబ్బంది పడతామా?

జవాబు:

వెళ్లి రావడానికైతే 14 రోజులు చాలతాయి. కానీ ఎక్కడా తీరిగ్గా ఆగలేరు, ఒక్క రోజు వాన పట్టినా మొత్తం లెక్క తప్పుతుంది. ఒకవైపే సుమారు 1,240 కిలోమీటర్లు, మధ్యలో నాలుగు చోట్ల రోడ్డు ఆగిపోయి నీళ్లు వస్తాయి. 18 నుంచి 20 రోజులు దొరికితే చివరిదాకా వెళ్లండి. 14కి మించి కుదరదంటే కొక్రేన్ దగ్గరే వెనక్కి తిరగండి. కొక్రేన్ నుంచి ఓహిగ్గిన్స్‌కు ఇంకో 230 కిలోమీటర్ల దాకా ఉంటుంది. రానూపోనూ ఈ ఒక్క ముక్కకే కనీసం మూడు రోజులు పోతాయి.

చాలామంది ముందు హోటళ్లు బుక్ చేసుకుని, తర్వాత పడవల టికెట్లు వెతుకుతారు. అది తలకిందుల పని. స్థానికులు బార్కాసా అనే ఈ కార్ల పడవల్లో మొదటిది ప్వెర్తో మోంత్ నుంచి 45 కిలోమీటర్లలో, కలేతా లా అరేనా దగ్గర. అరగంట ప్రయాణం, ముందు వచ్చినవాళ్లు ముందు ఎక్కుతారు. అసలు చిక్కు రెండోదానితో. ఓర్నోపిరేన్ నుంచి లెప్తెపూకు మూడున్నర గంటలకు పైగా పడుతుంది. దిగాక 10 కిలోమీటర్ల మట్టిరోడ్డు దాటి ఫియోర్దో లార్గోలో మళ్లీ పడవెక్కితే, ముప్పావు గంటలో కలేతా గొన్సాలో చేరతారు. ఈ రెండు పడవలకూ కలిపి ఒకటే టికెట్. జనవరి, ఫిబ్రవరిల్లో ఇది వారాల ముందే అయిపోతుంది. కాబట్టి ముందు ఈ టికెట్ తేదీ ఖాయం చేసుకోండి, దానికి అటూ ఇటూ మిగతావన్నీ అల్లుకోండి. అది దొరక్కపోతే ప్వెర్తో మోంత్ నుంచి, కలేతా గొన్సాలోకు దక్షిణాన ఇదే రోడ్డు మీదున్న చైతేన్ ఊరికి నేరుగా రాత్రి పడవ ఉంది, సుమారు తొమ్మిది గంటలు. చిలోయే దీవి దక్షిణ కొసన ఉన్న కెయోన్ నుంచి కూడా చైతేన్‌కు పడవ ఉంది. వెళ్లేటప్పుడు ఓర్నోపిరేన్ మీదుగా వెళ్లి, వచ్చేటప్పుడు చైతేన్‌లో పడవెక్కితే వచ్చిన దారినే మళ్లీ నలగ్గొట్టే పని తప్పుతుంది.

నాలుగోది ప్వెర్తో యుంగాయ్ నుంచి రియో బ్రావోకు. ముప్పావు గంట పైన పడుతుంది, ఉచితం, బుకింగ్ ఉండదు. పడవ చిన్నది, రోజుకు కొన్ని ట్రిప్పులే. సాయంత్రం ఆఖరి పడవ తప్పితే అక్కడ ఊరంటూ ఏమీ లేదు, కారులోనే పడుకోవాలి. ఆ రోజు వేళలు కొక్రేన్‌లో ఉండగానే కనుక్కుని, మీరు ఎక్కదలచిన పడవకు గంట ముందు రేవులో ఉండేలా బయల్దేరండి.

ఇక రోడ్డు. ఉత్తర భాగం చాలావరకు తారు వేశారు. పుమలీన్ పార్కులో కొంత, కెయులాత్ కనుమ మలుపుల్లో కొంత కంకర మిగిలింది. దారిలో పెద్ద ఊరైన కొయాయికే నుంచి విల్లా సెర్రో కస్తీయో దాకా సుమారు 95 కిలోమీటర్లు మంచి తారురోడ్డు. అది దాటాక దక్షిణాన దాదాపు అంతా రిపియో, అంటే కంకర పరిచిన మట్టిరోడ్డు. ఇక్కడ సగటున గంటకు 40 కిలోమీటర్లు వేసుకోండి. మ్యాప్ యాప్ ఐదు గంటలంటే ఏడనుకోండి. రోడ్డు పనులు జరిగే చోట గంటల తరబడి దారి మూసేస్తారు. ఆ వేళలు ముందురోజు రాత్రి బస చేసిన చోటే అడగాలి, దారిలో చెప్పేవాళ్లుండరు.

వేసవిలో 4×4 తప్పనిసరి కాదు. నేలకూ బండి అడుగుకూ మధ్య తగినంత ఎత్తు, గట్టి టైర్లు, పూర్తి సైజు స్పేర్ చక్రం, ఈ మూడూ కావాలి. నలుగురూ సామానూ అంటే డీజిల్ పికప్ బాగుంటుంది. వెనక తొట్టెకు గట్టి మూత లేకపోతే మాత్రం దుమ్మూ వానా కలిసి బట్టలు బురదవుతాయి. ఇంగ్లిష్‌లో ఉన్న లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ పెట్టుకోండి. అక్కడ కుడివైపు నడపాలని గుర్తుంచుకోండి. ఊళ్ల మధ్య రోడ్ల మీద పగలైనా హెడ్‌లైట్లు వెలిగించే ఉంచాలి.

కారు తీసుకునేటప్పుడు చాలామంది గీతల ఫొటోలు తీసుకుని బయటపడతారు. అంతకంటే ముఖ్యమైన పని, ఆ కారుతో వచ్చిన పానాతోనే ఒక చక్రం బోల్టు విప్పి చూడటం. షెడ్లలో గాలి మెషీన్‌తో బిగిస్తారు, ఆ పొట్టి పానాతో చేత్తో విప్పితే కదలవు. అక్కడే వదులు చేయించి చేత్తో బిగింపించుకోండి. లాక్ నట్టు ఉంటే దాని తాళం ఎక్కడుందో చూసుకోండి. స్పేర్‌లో గాలి కొలవండి. జాకీ కింద వేసుకోవడానికి అడుగు పొడవున్న చెక్క ముక్క ఒకటి పెట్టుకోండి, అది లేకపోతే కంకరలో జాకీ దిగబడి పక్కకు ఒరుగుతుంది. ఇన్సూరెన్స్ కాగితంలో మూడు విషయాలు అడగండి: అద్దాలు, టైర్లు, వోల్కమియెంతో (బండి బోల్తా పడటం). ఈ మూడింటినీ మినహాయించే పాలసీలు ఉంటాయి. ఈ రోడ్డు మీద జరిగే నష్టం ఎక్కువగా ఈ మూడే.

బోల్తా ఎలా పడుతుందో తెలిస్తే తప్పించుకోవచ్చు. బండ్లు తిరిగిన చోట రెండు జాడలు గట్టిపడతాయి. వాటి మధ్యా అంచుల్లోనూ వదులు కంకర గట్టులా పేరుకుంటుంది. ఒక చక్రం ఆ గట్టెక్కగానే కారు అటు లాగుతుంది. డ్రైవర్ ఉలిక్కిపడి స్టీరింగ్ ఎదురుదిక్కుకు తిప్పేస్తాడు. ముందు చక్రాలు ఒక్కసారిగా పట్టు దొరికించుకునేసరికి బండి అడ్డం తిరుగుతుంది. చేయాల్సింది ఏమిటంటే, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ వదిలేసి, వేగం దానంతట అదే తగ్గనివ్వడం. బ్రేకు గట్టిగా తొక్కకూడదు. కంకర మీద ఏబీఎస్ ఉన్నా ఆగే దూరం తారు మీద కంటే బాగా పెరుగుతుంది.

రేకుల కప్పులా వరసగా గతుకులు పడిన రోడ్డును వాళ్లు కలమీనా అంటారు. 80లో పోతే కుదుపు తెలియదని సలహా ఇచ్చేవాళ్లు కనిపిస్తారు. కుదుపు తెలియని మాట నిజమే. ఆ వేగంలో చక్రాలు గతుకుల శిఖరాలను మాత్రమే తాకుతూ పోతాయి. అంటే మలుపు వచ్చినప్పుడు తిప్పడానికీ, ఆపడానికీ సగం పట్టు కూడా ఉండదు. 40 దగ్గర ఉండి ఒళ్లు నొప్పులు పడటమే మేలు.

టైర్లలో గాలి తగ్గిస్తే కుదుపూ పంక్చర్లూ రెండూ తగ్గుతాయి. తలుపు దగ్గర స్టిక్కర్ మీద 35 పీఎస్ఐ అని ఉంటే, సెర్రో కస్తీయో దాటి కంకర మొదలయ్యే చోట 28కి దించండి. బరువుంటే వెనక రెండు పీఎస్ఐ ఎక్కువ ఉంచండి. పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. 25 కంటే కిందకు పోవద్దు, టైరు పక్కభాగం ఉబ్బి పదునైన రాయికి చీలుతుంది. నడిచే భాగంలో పడిన రంధ్రానికి ప్లగ్ కిట్ పనికొస్తుంది గానీ పక్క చీలితే ఆ టైరు ఇక పనికిరాదు. మళ్లీ తారు ఎక్కే ముందు గాలి నింపడానికి 12 వోల్టుల చిన్న కంప్రెసర్ కొనుక్కోండి. వాడేటప్పుడు ఇంజిన్ ఆన్‌లో ఉంచండి. ఊళ్లలో వుల్కనిససియోన్ అన్న బోర్డు కనిపిస్తే అది పంక్చర్ షాపు.

ఇంధనం దగ్గర తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక ఉచ్చు ఉంది. అక్కడ బంకులో పెత్రోలెయో అంటే డీజిల్! మనం వాడే పెట్రోలును బెన్సీనా అంటారు, 93, 95, 97 అని రకాలు. అలవాటు కొద్దీ పెట్రోల్ అన్నారంటే బంకు కుర్రాడు డీజిల్ గొట్టం అందుకుంటాడు. ట్యాంకు మూత మీద టేపు అంటించి పెద్ద అక్షరాలతో రాసుకోండి.

చైతేన్, లా హుంతా, పుయువాపి, కొయాయికే, ప్వెర్తో రియో త్రాంకీలో, కొక్రేన్, ఈ ఊళ్లలో బంకులున్నాయి. సగం ట్యాంకు దిగిందంటే కనిపించిన బంకులో నింపడమే పద్ధతి. ఉత్తరాన భయం లేదు. కొక్రేన్ దాటాకే లెక్క వేసుకోవాలి. ఓహిగ్గిన్స్‌కు రానూపోనూ 460, దారిలో కలేతా తోర్తెల్ పక్కదారికి 46, మొత్తం 506 కిలోమీటర్లు. కంకర మీద లీటరుకు 9 కిలోమీటర్లు వస్తే 56 లీటర్లు కావాలి. 80 లీటర్ల ట్యాంకున్న పికప్‌కు ఇబ్బందే లేదు. 50 లీటర్ల ఎస్‌యూవీకి చాలదు. ఓహిగ్గిన్స్‌లో దొరుకుతుంది గానీ, సరుకు రావడం ఆలస్యమైతే దాన్నే నమ్ముకున్నవాళ్లు ఇరుక్కుపోతారు. 10 లీటర్ల ఇంధన క్యాను ఒకటి కొయాయికేలోనే కొని, కొక్రేన్‌లో నింపుకోండి. తోర్తెల్‌లో వీధులు లేవు, అన్నీ చెక్క వంతెనల మెట్లదార్లే. కారు పైన పార్కింగ్‌లో వదిలి నడవాలి, చక్రాల సూట్‌కేసు వద్దు.

తిరుగు ప్రయాణానికి ఒక మంచి చుట్టుదారి ఉంది. కొక్రేన్ నుంచి ఉత్తరానికి వస్తూ ప్వెర్తో గ్వాదల్ వైపు తిరిగి, హెనెరాల్ కర్రేరా సరస్సు దక్షిణపు ఒడ్డునే చిలే చీకో చేరండి. కొండ అంచున ఇరుకు దారి, ఎదురు బండికి ఆగి చోటివ్వాలి. గాలి ఎక్కువ రోజైతే తలుపు తీసేటప్పుడు చేత్తో పట్టుకునే తీయండి, విసురుకు కీళ్లు వంగిపోతాయి. చిలే చీకో నుంచి సరస్సు దాటి ప్వెర్తో ఇబాన్యెస్‌కు పడవ రెండుంబావు గంటలు. దీనికీ ముందే టికెట్ కొనాలి. దిగాక కొయాయికే దాకా తారే.

అర్జెంటీనా వైపు అడుగుపెట్టే ఆలోచన ఏమాత్రం ఉన్నా కారు బుక్ చేసేటప్పుడే చెప్పండి. అద్దె కారు సరిహద్దు దాటాలంటే కంపెనీ నోటరీ చేయించిన అనుమతి పత్రం ఇవ్వాలి, దానికి కొన్ని రోజులు పడుతుంది. ఓహిగ్గిన్స్ నుంచి మాత్రం కారుతో అటు దాటే దారి లేదు. ఇంకా దక్షిణానికి పోవాలంటే ప్వెర్తో యుంగాయ్ నుంచి ప్వెర్తో నతాలెస్‌కు వారానికి ఒకటి రెండు సార్లు నడిచే పెద్ద పడవే గతి, దాదాపు రెండు రోజుల ప్రయాణం. చిలీలోకి వచ్చేటప్పుడు సాగ్ అనే వ్యవసాయ తనిఖీ ఉంటుంది. తాజా పళ్లు, మాంసం, తేనె తీసుకుపోవద్దు. పచ్చళ్లూ పొడులూ ఉంటే ఫారంలో ఉన్నాయనే రాయండి. రాస్తే మహా అయితే తీసేసుకుంటారు. దాస్తే జరిమానా.

వాతావరణం ఊరు ఊరికీ మారుతుంది. పుయువాపి, కెయులాత్ వైపు ఏడాది పొడవునా వానలే, కొయాయికే చేరేసరికి పొడి. వాలు కొండల మీద నేల నానితే జారుతుంది. 2017 డిసెంబరులో చైతేన్ దక్షిణాన విల్లా సాంతా లుసియా ఊరి మీదికి కొండచరియ వచ్చి పడి ప్రాణాలు పోయాయి, రోడ్డూ తెగింది. అందుకే చైతేన్, కొయాయికేల మధ్య ఒక ఖాళీ రోజు, తిరుగు పడవకు ముందు ఇంకొకటి ఉంచండి. కెయులాత్ పార్కు టికెట్ సిగ్నల్ ఉన్న చోటే ఆన్‌లైన్‌లో కొనుక్కోండి. గేటు దగ్గర నెట్ రాదు.

ఫోన్‌కు ఎన్‌తెల్ సిమ్, ఆఫ్‌లైన్ మ్యాపులు. ఏటీఎంలు చైతేన్, కొయాయికే, కొక్రేన్, చిలే చీకోలలో ఉన్నాయి, ఒక్కోసారి డబ్బు ఉండదు. మూడు నాలుగు రోజుల ఖర్చు పేసోల్లో చేతిలో ఉంచుకోండి. పెద్ద సరుకుల కొట్లు, మెకానిక్ షెడ్లు కొయాయికేతో సరి. టైర్లు అరిగాయనిపిస్తే అక్కడే మార్చుకోవాలి.

చాలాకాలం మూసి ఉన్న చెక్క గదిలో దిగితే లోపలికి పోయే ముందు తలుపులూ కిటికీలూ తెరిచి అరగంట బయటే ఉండండి. ఎలుకల మూత్రం, రెట్టల దుమ్ముతో హాంటా వైరస్ సోకుతుంది, ఆ ప్రాంతంలో అది ఉంది. పొడిగా ఊడవకుండా బ్లీచ్ కలిపిన నీళ్లు చల్లి తుడవాలి. తిండి సామాను మూత బిగిసే డబ్బాల్లో పెట్టి రాత్రి కారులోనే ఉంచండి.