అన్యుల మూలాలున్నాయనే పండుగలను క్రైస్తవులు జరుపుకోవచ్చా? నా అనుభవం నుండి ఒక జవాబు

సహోదరీ, మీకు వందనాలు. క్రిస్మస్, ఈస్టర్ పండుగలు అన్యుల సూర్యారాధన నుండి, దేవతల పూజ నుండి వచ్చాయని విన్న తరువాత మీ భర్త వాటిని పూర్తిగా మానేద్దామంటున్నారని, మీ అత్తగారు మాత్రం ఎప్పటిలాగే కుటుంబమంతా కలిసి జరుపుకోవాలని పట్టుబడుతున్నారని, ఈ ఇద్దరి మధ్య పిల్లలకు ఏం చెప్పాలో మీకు తోచడం లేదని రాశారు. ఈ విషయంలో నాకు రెండు పక్షాలూ ఇంటి మనుషులే కనుక, నాకు తెలిసినంతలో వివరంగా రాస్తున్నాను.

మా నాన్నగారు సంఘ పెద్ద. ప్రభువు దినం తప్ప మరే దినాన్నీ ప్రత్యేకంగా ఆచరించని సంఘం మాది. డిసెంబరు 25న మా ఇంట్లో అలంకరణలు ఉండేవి కావు, కానుకలు ఉండేవి కావు. కానీ లూకా సువార్త రెండవ అధ్యాయాన్ని ఆయన ఏడాదిలో ఏ నెలలోనైనా కుటుంబ ప్రార్థనలో తీసి మా చేత చదివించేవారు. గొర్రెల కాపరులకు దూత కనబడిన వచనాల దగ్గర ఆయన గొంతు గద్గదమయ్యేది. పెళ్లి తరువాత నేను చేరిన సంఘంలో క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలూ సిద్ధపాటు ఆరాధనలు జరుగుతాయి, ఈస్టర్ నాడు వేకువనే అందరూ కూడుకుంటారు. అక్కడా ఇక్కడా నేను చూసినవారు క్రీస్తును ప్రభువుగా ఒప్పుకుని ఆయనకే మోకరించినవారు. అందువల్ల పండుగ చేసుకునేవారిని విగ్రహారాధికులని అన్నా, చేసుకోనివారిని ఆనందం తెలియని మనుషులని అన్నా నాకు బాధ కలుగుతుంది.

ముందుగా చరిత్ర సంగతి చూద్దాం. మీ భర్త విన్న మాటల్లో కొంత నిజం ఉంది. రోమా చక్రవర్తి ఔరేలియన్ 274లో 'అజేయ సూర్యుడు' అనే దేవునికి రోములో గొప్ప గుడి ప్రతిష్ఠించాడు. 354లో రోములో తయారైన ఒక పంచాంగంలో డిసెంబరు 25న ఆ 'అజేయుని' జన్మదినమని, ఆ సందర్భంగా 30 రథపు పందేలు జరుగుతాయని ఉంది. అయితే అదే పంచాంగ సంకలనంలో, 336 నాటిదిగా పండితులు భావించే హతసాక్షుల జాబితాలో, మొట్టమొదటి పంక్తి క్రీస్తు అదే తేదీన యూదయ బేత్లెహేములో జన్మించాడని చెబుతోంది. అంటే రెండు పండుగలకూ మన చేతికి దొరికిన తొలి స్పష్టమైన ఆధారం ఒకే పుస్తకం. ఎవరు ఎవరి తేదీని తీసుకున్నారన్నది ఆ పుస్తకం చెప్పదు. చాలామంది ప్రస్తావించే సాటర్నేలియా అనే రోమీయుల పండుగ డిసెంబరు 17న మొదలై 23 నాటికి ముగిసేది కనుక అది ఈ తేదీకి సరిపోదు.

ఇక్కడ మరొక లెక్క ఉందని చాలామందికి తెలియదు. క్రీస్తు సిలువ మరణం మార్చి 25న జరిగిందని మూడవ శతాబ్దపు తొలినాళ్లకే లాటిన్ క్రైస్తవుల్లో ఒక అభిప్రాయం స్థిరపడింది. ఆయన గర్భంలో పడిన దినమూ మరణించిన దినమూ ఒకటేనని నమ్మినవారు దానికి తొమ్మిది నెలలు కలిపితే డిసెంబరు 25 వస్తుంది. అగస్టీను అనే బిషప్పు ఐదవ శతాబ్దంలో ఈ లెక్కను స్పష్టంగా రాశాడు. తూర్పు సంఘాల్లో ఏప్రిల్ 6ను ఆధారంగా తీసుకోవడం వల్లనే జనవరి 6 వచ్చిందని పండితులు కొందరు వివరిస్తారు. ఆర్మేనియా సంఘం ఈనాటికీ జనవరి 6నే జననాన్ని ఆచరిస్తోంది. ఈ లెక్క నిజమైన జన్మదినాన్ని నిరూపించదు. అంతకు ముందు అలెగ్జాండ్రియా క్లెమెంటు అనే బోధకుని కాలంలో, అంటే 200 ప్రాంతంలో, మే నెల తేదీలు చెప్పినవారు కూడా ఉన్నారు. నా మనవి ఒక్కటే: ఆ తేదీని సూర్యుని నుండి దొంగిలించారన్నది నిరూపితమైన విషయం కాదు. అదే సమయంలో, రోమీయుల లెక్కలో డిసెంబరు 25 శీతకాలపు అయనాంతం, అంటే పగలు మళ్లీ పెరగడం మొదలయ్యే దినం కనుక నీతిసూర్యుడనే లేఖన భాషకు ఆ కాలపు బోధకులు ఆకర్షితులయ్యారన్నది కూడా దాచవలసిన విషయం కాదు.

ఈస్టర్ విషయంలో ఆ ఆరోపణ మరింత బలహీనం. యేసు పస్కా సమయంలో మరణించి లేచాడు; ఆ పండుగ కాలం పస్కా నుండే వచ్చింది. 190 ప్రాంతంలో చిన్న ఆసియా (నేటి టర్కీ) సంఘాలు యూదుల నీసాను నెల 14వ దినాన, రోము సంఘం ఆ తరువాతి ఆదివారాన ఆచరించాలని తీవ్రంగా వాదించుకున్నాయి. 325లో బిషప్పులు కూడిన నికయ సభ సంఘాలన్నీ ఒకే ఆదివారాన జరుపుకోవాలని నిర్ణయించింది. ఇంగ్లీషు పేరు వెనుక ఒక దేవత ఉందన్న సమాచారం మాత్రం 725లో బీడ్ అనే సన్యాసి రాసిన కొద్ది మాటల మీదనే నిలిచి ఉంది. ఆయన పుట్టడానికి 500 సంవత్సరాల ముందే ఆ పండుగ ఉంది. గుడ్లు, కుందేళ్లు చాలా తరువాత వచ్చి చేరిన ఆచారాలు. వాటిని మానేస్తే పునరుత్థానానికి ఏ లోటూ రాదు. మా ఇంట్లో అవి లేవు.

ఈ పండుగలు బబులోను పూజల నుండి వచ్చాయంటూ నిమ్రోదు, తమ్మూజు, ఇష్తారు పేర్లతో తిరిగే కథలకు ముఖ్యమైన మూలం 19వ శతాబ్దపు స్కాట్లాండు సేవకుడు అలెగ్జాండర్ హిస్లప్ రచన. ఆ రచనను ఆధారం చేసుకుని 1966లో ఇదే వాదనతో పుస్తకం ప్రచురించిన రాల్ఫ్ వుడ్‌రో, తరువాత మూల గ్రంథాలను పరిశీలించి, ఆధారాలు నిలబడవని గ్రహించి, బాగా అమ్ముడవుతున్న తన పుస్తకాన్ని తానే ఉపసంహరించుకున్నాడు. మీ భర్తకు ఈ సంగతి తప్పక చెప్పండి. సత్యం కోసం పండుగను మానడానికి సిద్ధపడిన మనిషి, సత్యం కోసం ఒక వాదనను వదలడానికి కూడా సిద్ధపడతారని నా నమ్మకం.

అయితే చరిత్ర పూర్తిగా మనవైపే ఉన్నా ప్రశ్న తీరిపోదు, ఎందుకంటే మూలం పవిత్రమైనంత మాత్రాన ఆచారం పవిత్రం కాదని లేఖనమే చూపిస్తోంది. అరణ్యంలో ఇత్తడి సర్పాన్ని మోషే చేయించింది దేవుని ఆజ్ఞతోనే. అంతకంటే శుద్ధమైన మూలం ఏ వస్తువుకు ఉంటుంది? అయినా ప్రజలు దానికి ధూపం వేయడం మొదలుపెట్టినప్పుడు హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేయించాడు, ఆ పనికి లేఖనం అతన్ని మెచ్చుకుంది. దీనికి ఎదురుగా సున్నతిని చూడండి. ఐగుప్తీయులు, ఎదోమీయులు, అమ్మోనీయులు, మోయాబీయులు కూడా సున్నతి గలవారేనని యిర్మీయా తొమ్మిదవ అధ్యాయం చెబుతోంది. ఇరుగుపొరుగు జనాంగాల్లో ఉన్న ఆచారమే అబ్రాహాముతో చేసిన నిబంధనకు గురుతైంది. మూలం మంచిదైనది పాడైంది, ఇతరుల దగ్గర కూడా ఉన్నది దేవుని ఉద్దేశానికి పనికివచ్చింది. కాబట్టి 'ఇది ఎక్కడి నుండి వచ్చింది' అన్న ప్రశ్న ఒక్కటే తీర్పు చెప్పలేదు. 'ఈ రోజు ఈ పని చేస్తున్నప్పుడు ఆరాధన ఎవరికి చెందుతోంది' అన్నది అడగాలి.

దీనికి మీ భర్త ఒక జవాబు ఇవ్వవచ్చు, అది తేలికగా తీసుకోదగినది కాదు. అహరోను బంగారు దూడను నిలిపి, రేపు యెహోవాకు పండుగ అని చాటించాడు. పేరు యెహోవాది, పని దూడది. మన ఉద్దేశం మంచిదన్నంత మాత్రాన ప్రతిదీ చెల్లదని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. ద్వితీయోపదేశకాండం పన్నెండవ అధ్యాయం కూడా, ఆ జనములు తమ దేవతలను కొలిచిన విధంగా యెహోవాను కొలవకూడదని గట్టిగా చెబుతోంది. కానీ అక్కడ నిషేధించినదేమిటో చదవండి: వారి పూజా విధానాన్ని తెలుసుకుని దాన్ని అనుసరించడం, దానికి ఉదాహరణగా చెప్పింది కుమారులను కుమార్తెలను అగ్నిలో కాల్చడం. ఒక తేదీన కూడుకుని లూకా సువార్త చదివి పాడడం ఏ సూర్యదేవుని పూజా విధానమూ కాదు. తేదీలనే అపవిత్రమంటే నెలల పేర్లు, వారాల పేర్లు కూడా పలకలేము. క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారు నిజంగానే ఆ పేర్లు వదిలి మొదటి దినం, రెండవ దినం అని లెక్కపెట్టారు, వారి చిత్తశుద్ధిని నేను గౌరవిస్తాను, కానీ అపొస్తలులు అది ఎవరి మీదా మోపలేదు. ధర్మశాస్త్రంలో లేని పండుగ కనుక పాపమనే వాదన కూడా నిలవదు. యోహాను పదవ అధ్యాయంలో యేసు ఆలయ ప్రతిష్ఠిత పండుగ సమయంలో దేవాలయంలో నడుస్తూ కనబడతాడు. ఆ పండుగ మోషే కాలపుది కాదు, క్రీ.పూ. 164లో మక్కబీయులనే యూదా నాయకులు ఆలయాన్ని శుద్ధి చేసినప్పుడు ఏర్పడింది.

పూర్వపు సంఘ కాపరులు ఈ తేడాను ఎలా పాటించారో చూపే సంఘటన ఒకటుంది. ఐదవ శతాబ్దంలో రోము బిషప్పు లియో, క్రీస్తు జనన దినపు ప్రసంగంలోనే, పేతురు దేవాలయపు మెట్లెక్కిన విశ్వాసులు వెనక్కు తిరిగి ఉదయించే సూర్యునికి తల వంచుతున్నారని బాధపడి ఖండించాడు. సృష్టికర్తనే గౌరవిస్తున్నామని కొందరు సమాధానం చెప్పుకున్నా, కొత్తగా వచ్చిన విశ్వాసి చూసి తన పాత పూజ ఇక్కడా చెల్లుతుందనుకుంటాడని ఆయన హెచ్చరించాడు. ఆయన పండుగను రద్దు చేయలేదు, ఆ నమస్కారాన్ని మానమన్నాడు.

ఈ కొత్త విశ్వాసి మాట నాకు మా సంఘంలో కళ్లారా అర్థమైంది. క్రిస్మస్ చెట్టు గురించి చరిత్రలో భయపడవలసినదేమీ లేదు. 16వ శతాబ్దపు జర్మన్ ప్రాంతాల్లో అది క్రైస్తవుల ఇళ్లలో కనబడుతుంది. డిసెంబరు 24న ఆదాము హవ్వల నాటకంలో నిలిపే చెట్టుతో దానికి సంబంధం ఉందంటారు. యిర్మీయా పదవ అధ్యాయం చెప్పేది చెట్టును నరికి దేవతగా చెక్కి వెండి బంగారాలు తొడగడం గురించి. ఇవన్నీ నేను మా బైబిలు అధ్యయనంలో బోధించాను కూడా. ఒక యేడు ప్రార్థన గదిలో, ప్రభువు బల్ల పక్కనే, మేము చెట్టు నిలిపి దీపాలు వెలిగించాం. అంతకు కొన్ని నెలల ముందే బాప్తిస్మం పొందిన ఒక సహోదరి, దేవతగా భావించి చెట్టుకు దీపం పెట్టి మొక్కే జీవితం నుండి వచ్చినవారు, ఆ రోజు లోపలికి వచ్చారు. ఒక పాప ఆమె చేతికి కాగితపు నక్షత్రం ఇచ్చి కొమ్మకు కట్టమంది. ఆమె చెట్టు దాకా వెళ్లి, చేయి పైకెత్తి, ఆగిపోయి, ఆ నక్షత్రాన్ని కుర్చీ మీద పెట్టి చివరి వరుసలో కూర్చున్నారు. పాటలన్నీ ముగిసేవరకు తలెత్తలేదు. ఆరాధన తరువాత నేను పక్కన కూర్చుంటే, 'అక్కా, నా చేతులు వాటంతటవే జోడించుకోబోయాయి' అన్నారు.

ఆ చెట్టుకు అన్యుల మూలం లేదని ఆమెకు ఎన్ని తేదీలతో నిరూపించినా ఏం ప్రయోజనం? ఆ మూలం ఆమె గతంలోనే ఉంది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఎనిమిదవ అధ్యాయంలో పౌలు చెప్పింది సరిగ్గా ఇటువంటి మనిషి గురించే: విగ్రహం వట్టిదని తెలిసిన జ్ఞానికి, దానికి అర్పించిన భోజనం హాని చేయదు, నిన్నటి వరకు దాన్ని కొలిచిన సహోదరుని మనస్సాక్షిని మాత్రం గాయపరుస్తుంది. సంఘ పెద్దలతో మాట్లాడితే వారు వాదించకుండా ఆ వారమే చెట్టును ప్రార్థన గదిలో నుండి తీయించారు. ఆ తరువాత అక్కడ చెట్టు పెట్టలేదు. ఇళ్లలో పెట్టుకునేవారు పెట్టుకుంటున్నారు. కొందరు యువకులు నొచ్చుకున్నారు, స్వేచ్ఛ ఏమైందని అడిగారు. స్వేచ్ఛ ఉన్నవారే దాన్ని వదులుకోగలరు, లేనివారు వదులుకోలేరు కదా అని మా కాపరి గారు వారికి ఓపికగా చెప్పారు.

అదే న్యాయం రెండవ వైపుకూ వర్తిస్తుంది. రోమీయులకు రాసిన పత్రిక పద్నాలుగవ అధ్యాయం దినాన్ని ఆచరించేవాణ్ణి తృణీకరించవద్దని, ఆచరించనివాణ్ణి విమర్శించవద్దని ఇరువురికీ చెబుతోంది, ఎవరి మనస్సులో వారు రూఢిపరచుకోవాలంటోంది. రూఢిపరచుకున్నదాన్ని ఇతరులపై చట్టంగా రుద్దినప్పుడు ఏమైందో చరిత్రలో ఉంది. 1647లో ఇంగ్లాండు పార్లమెంటు క్రిస్మస్, ఈస్టర్ పండుగలను రద్దు చేసింది. అమెరికాలోని మసాచుసెట్స్ వలసలో 1659 నుండి 1681 వరకు క్రిస్మస్ ఆచరించినవారికి ఐదు షిల్లింగుల జరిమానా ఉండేది. ఈ చట్టాల వెనుక ఉన్న ప్యూరిటన్లు (సంఘాన్ని లేఖనం ప్రకారం శుద్ధి చేయాలనుకున్నవారు) లేఖనాన్ని ప్రాణంగా ప్రేమించినవారే. ఆజ్ఞాపించని దినాన్ని సంఘం ఎవరి మీదా మోపకూడదన్న వారి మాటలో బలం ఉంది. ఆచరించేవాణ్ణి దండించడానికి మాత్రం ఆ లేఖనంలోనే ఆధారం లేదు.

హాలోవీన్ గురించి కూడా అడిగారు కనుక క్లుప్తంగా చెబుతాను. నవంబరు 1 సకల పరిశుద్ధుల దినం సంఘం ఏర్పరచుకున్నదే. కానీ ఈ రోజుల్లో దాని ముందు రాత్రి, అంటే హాలోవీన్ నాడు, చనిపోయినవారి ఆత్మలను పిలిచే ఆటలు, సోదె చెప్పే ఆటలు ఉన్నచోట నేను నా పిల్లలను పంపలేదు. ద్వితీయోపదేశకాండం పద్దెనిమిదవ అధ్యాయం వాటిని పేరు పెట్టి నిషేధించింది. అక్కడ మూలం గురించి చర్చించే పని కూడా లేదు, ఆ క్రియే తప్పు.

ఇక మీ ఇంటి సంగతి. పిల్లలకు నిజం చెప్పండి: యేసు పుట్టిన తేదీ బైబిల్లో లేదు, సంఘం ఒక దినాన్ని ఎంచుకుంది, కొందరు విశ్వాసులు దాన్ని ఆచరిస్తారు, కొందరు ఆచరించరు, పుట్టినవాడు మాత్రం నిజంగా పుట్టాడు. ఈ నాలుగు మాటలు చిన్నపిల్లలకు కూడా అర్థమవుతాయి, పెద్దయ్యాక ఎవరో ఒక వ్యాసం చూపిస్తే వారి విశ్వాసం కదిలిపోదు. మీ అత్తగారితో, మీ భర్త పండుగను వద్దంటున్నది మిమ్మల్ని కాదనడానికి కాదని, దేవునికి భయపడి అంటున్నారని మీరే చెప్పండి. కొడుకు నోటి నుండి వస్తే అది వాదనలా వినబడవచ్చు. మీ భర్త మనస్సాక్షి ఒప్పుకోకపోతే ఆయన్ను ఆ ఆరాధనకు బలవంతాన తీసుకువెళ్లకండి, ఎందుకంటే అనుమానంతో చేసినది విశ్వాసమూలమైనది కాదని అదే పద్నాలుగవ అధ్యాయం చివర ఉంది. ఆయన కూడా మిమ్మల్నీ అత్తగారినీ ఆపకూడదని అదే అధ్యాయం చూపించి ప్రేమతో అడగండి. ఆ సాయంత్రం అందరూ ఇంటికి చేరాక కుటుంబ ప్రార్థన ఆయన్నే నడిపించమనండి. ఏ అధ్యాయం చదవాలన్నది ఆయనకే వదిలేయండి.