గ్యాస్ మళ్లీ నింపించాలా, కాయిల్ మార్చాలా, ఏసీనే మార్చాలా?

ప్రశ్న: మా ఇంట్లో సెంట్రల్ ఏసీ పెట్టించి 11 ఏళ్లయింది. నిరుడు ఒకసారి, ఈ వేసవి మొదట్లో మరోసారి గ్యాస్ నింపించాం. ఇప్పుడు మళ్లీ పై అంతస్తు గదులు చల్లబడడం లేదు. లోపలి యూనిట్ దగ్గర రాగి గొట్టం మీద మంచు పేరుకుంటోంది. లోపలి కాయిల్ లీకవుతోందని, దాన్ని మార్చాలని ఒక మెకానిక్ అన్నారు. అందుకు ఆయన చెప్పిన మొత్తం కొత్త ఏసీ ధరలో 30 శాతం. ఇంకొకరేమో కంప్రెసర్ కూడా బలహీనపడిందని, మొత్తం మార్చడమే మేలని, వడ్డీ లేకుండా 12 వాయిదాల్లో కట్టవచ్చని చెబుతున్నారు. మా అత్యవసర నిధిలో నాలుగు నెలల ఇంటి ఖర్చులకు సరిపడా డబ్బుంది. కొత్త ఏసీకి సుమారు రెండున్నర నెలల ఖర్చంత అవుతుంది. ఏం చేయమంటారు?

జవాబు: ప్రస్తుతానికి ఇద్దరిలో ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకండి. లీకు కాయిల్‌లోనే ఉందని పరీక్షలో తేలి, మీ యంత్రంలో ఉన్నది ఇప్పటికీ సులువుగా దొరికే గ్యాసే అయి, కంప్రెసర్ కొలతలు సరిగా ఉంటే, కాయిల్ మార్పించి మరో నాలుగేళ్లు నెట్టుకురావడమే మీకు లాభం. గ్యాస్, కంప్రెసర్‌లలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా కొత్తది కొనడమే నయం. లీకు కాయిల్‌లో కాక వేరే చోట ఉందని తేలితే ఇంకా తక్కువ ఖర్చుతోనే పోవచ్చు. ఇందులో కరెంటు బిల్లు పాత్ర కూడా ఉంది, ఆ లెక్క కింద చెబుతాను. మూడోసారి గ్యాస్ నింపించే ఆలోచన మాత్రం పూర్తిగా మానుకోండి.

ఎందుకంటే ఏసీలో గ్యాస్ వాడకంతో ఖర్చయ్యేది కాదు. లోపలి కాయిల్‌లో ఆవిరై గది వేడిని తీసుకుని, బయటి కాయిల్‌లో మళ్లీ ద్రవమై ఆ వేడిని వదిలేస్తూ, మూసి ఉన్న గొట్టాల్లోనే అది ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. కాబట్టి గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్లే. రెండుసార్లు నింపిన మెకానిక్ ఒక్కసారైనా ఆ లీకు ఎక్కడుందో వెతికి ఉండాల్సింది. పైగా కంప్రెసర్ మోటారును చల్లబరిచేది కూడా తిరిగివచ్చే ఆ గ్యాసే గనుక, గ్యాస్ తక్కువగా ఉన్న యంత్రాన్ని గంటల తరబడి నడిపితే, మొదట కాయిల్‌తో పోవాల్సిన ఖర్చు చివరికి కంప్రెసర్ దాకా వెళ్తుంది. ఇప్పటికే గ్యాస్‌కు పెట్టిన డబ్బు తిరిగి రాదు, దాన్ని ఇకపై లెక్కలోకి తీసుకోకండి. "ఇంత పెట్టాం కదా, ఇంకాస్త పెడదాం" అనే ఆలోచనే ఇలాంటి మరమ్మతుల్లో ఎక్కువ నష్టం చేస్తుంది.

అయితే మంచు కనబడగానే లీకే అని నిర్ధారించుకోకూడదు. లోపలి కాయిల్ మీదుగా గాలి తగినంత వీచకపోయినా కాయిల్ గడ్డకడుతుంది. ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోవడం, గదుల్లోని గాలి జాలీలను మూసేయడం, బ్లోయర్ నెమ్మదించడం, కాయిల్‌కే మట్టి పట్టడం అందుకు మామూలు కారణాలు. కూలింగ్ ఆపేసి, థర్మోస్టాట్‌లో ఫ్యాన్ మాత్రమే నడిచేలా పెట్టి, మంచు పూర్తిగా కరిగే వరకు కొన్ని గంటలు ఆగండి. ఆలోగా ఫిల్టర్‌ను బయటికి తీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. అవతలి వెలుగు కనబడకపోతే దాన్ని మార్చాల్సిందే. జాలీలన్నీ తెరిచి, మళ్లీ కూలింగ్ పెట్టి, పావుగంట తర్వాత మామూలు థర్మామీటరుతోనే రెండు చోట్ల కొలవండి: యంత్రం లోపలికి గాలిని పీల్చే చోట ఒకసారి, దానికి దగ్గర్లోని చల్లగాలి జాలీ దగ్గర ఒకసారి. రెండింటి మధ్య తేడా 8 నుంచి 11 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటే యంత్రం తన పని తాను చేస్తున్నట్లే. అప్పుడు పై అంతస్తు చల్లబడకపోవడానికి కారణం యంత్రంలో కాక, చల్లగాలిని గదులకు చేర్చే గొట్టాల్లో, అంటే డక్టుల్లో ఉండవచ్చు. తేడా బాగా తక్కువగా ఉండి, ఫిల్టర్ శుభ్రంగా ఉన్నా మళ్లీ మంచు కడితే, లీకు అనుమానం బలపడుతుంది. మీరు రెండుసార్లు గ్యాస్ నింపించారు గనుక నా అనుమానం కూడా అటువైపే ఉంది.

తర్వాత మెకానిక్‌ను అడగాల్సింది ఒక్కటే: లీకు ఎక్కడ ఉంది, ఏ పరీక్షతో కనుక్కున్నారు? గొట్టాల్లోకి నైట్రోజన్ ఎక్కించి ఒత్తిడి నిలుస్తుందో లేదో చూడడం, లీక్ డిటెక్టర్‌తో వెతకడం, అనుమానం ఉన్న చోట సబ్బు నురుగు పూసి బుడగలు వస్తాయేమో గమనించడం ఇందులో అందరూ చేసే పద్ధతులే. ఈ పరీక్షకు విడిగా డబ్బు తీసుకుంటారు, ఇవ్వండి. ఈ మొత్తం వ్యవహారంలో మీరు పెట్టే అతి తక్కువ ఖర్చు, అతి ఎక్కువ ఉపయోగపడే ఖర్చు అదే. లీకు గొట్టాల అతుకు దగ్గరో, గ్యాస్ నింపే వాల్వ్ దగ్గరో తేలితే, కాయిల్ జోలికి పోకుండా కొద్ది మొత్తంతోనే పని పూర్తవుతుంది. కాయిల్‌లోనే అని తేలితే, కొన్నప్పటి వారంటీ కాగితాలు తీయండి. కొన్ని కంపెనీలు విడిభాగాలకు పదేళ్ల దాకా వారంటీ ఇస్తాయి. మీది ఆ గడువు దాటి ఉండవచ్చు గానీ, అడగకుండా వదిలేయడానికి కారణం లేదు.

రెండో మెకానిక్ చెప్పిన "బలహీనమైన కంప్రెసర్" గురించి కాస్త గట్టిగానే ప్రశ్నించాలి. బయటి యూనిట్ గుయ్‌మని మోగుతూ ఫ్యాన్ గానీ కంప్రెసర్ గానీ మొదలవకపోతే, తప్పు చాలాసార్లు మోటారు తిరగడం మొదలుపెట్టేందుకు సాయపడే కెపాసిటర్‌ది అయి ఉంటుంది. పాడైనప్పుడు అరచేతిలో పట్టే ఆ డబ్బా పైభాగం తరచూ ఉబ్బి కనబడుతుంది. 45 మైక్రోఫారడ్లు అని ముద్రించి ఉన్నదాన్ని మీటరు పెట్టి కొలిస్తే 31 చూపితే, మార్చాల్సింది అదే, కంప్రెసర్ కాదు. ఈ పని మీరు చేయకండి. కరెంటు ఆపిన తర్వాత కూడా కెపాసిటర్‌లో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది. మెకానిక్‌ను మీ ఎదుటే కొలవమనండి. కంప్రెసర్ ఎన్ని ఆంపియర్లు లాగుతోందో కూడా కొలిపించి, బయటి యూనిట్ మీది నేమ్‌ప్లేట్‌లో ఉన్న అంకెతో పోల్చి, రెండూ బిల్లు మీద రాయించుకోండి. అంకె రాసివ్వని వారి మాటను బట్టి ఇంత పెద్ద ఖర్చు చేయకూడదు.

గ్యాస్ రకం కూడా ఆ నేమ్‌ప్లేట్ మీదే ఉంటుంది. అక్కడ ఆర్-22 అని ఉంటే చర్చ దాదాపు ముగిసినట్లే. ఓజోన్ పొరకు హాని చేసే ఈ గ్యాస్ ఉత్పత్తిని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద అభివృద్ధి చెందిన దేశాలు 2020 నాటికి దాదాపు పూర్తిగా నిలిపివేశాయి. వర్ధమాన దేశాలకు 2030 గడువు ఉంది. అందువల్ల దాని సరఫరా తగ్గుతూ, ధర పెరుగుతూ పోతుంది. దాని బదులు ఆర్-410ఏ పోద్దామన్నా కుదరదు, ఆ గ్యాస్ ఒత్తిడి చాలా ఎక్కువ, పాత యంత్రం దానికి తట్టుకునేలా తయారైంది కాదు. మీది ఆర్-410ఏ యంత్రమే అయితే ఇప్పటికైతే ఇబ్బంది లేదు. కాకపోతే ఆ మాంట్రియల్ ఒప్పందానికే 2016లో కుదిరిన కిగాలీ సవరణ వల్ల దాని వాడకాన్ని కూడా దేశాలు క్రమంగా తగ్గిస్తున్నాయి, కొత్త యంత్రాలు ఆర్-32 వంటి వేరే గ్యాసులతో వస్తున్నాయి. దీని అర్థం ఏమిటంటే, ఇప్పుడు మార్చే కాయిల్ రేపు కొనబోయే బయటి యూనిట్‌కు పనికిరాకపోవచ్చు. కాబట్టి కాయిల్ ఆయుష్షును మీ పాత కంప్రెసర్ ఆయుష్షుతోనే ముడిపెట్టి లెక్క వేయాలి.

ఇక డబ్బు లెక్క. కొత్త ఏసీ మొత్తం ఖర్చును 100 అనుకుందాం, అప్పుడు కాయిల్ ఖర్చు 30. సరిగా చూసుకుంటే సెంట్రల్ ఏసీ సుమారు 15 ఏళ్లు నడుస్తుందని అనుకోవచ్చు. ఉప్పుగాలి తగిలే చోట, ఏడాదంతా ఆగకుండా నడిచే చోట అంతకంటే తక్కువే. 100ను 15తో భాగిస్తే ఏటా 6.7 అవుతుంది. కాయిల్ మార్చాక పాతది నాలుగేళ్లు నడిస్తే ఏటా 7.5 అవుతుంది. చాలామంది ఇక్కడే ఆగి "కొత్తదే చౌక" అంటారు. ఏసీ అమ్మేవారైతే తప్పకుండా ఇక్కడే ఆగుతారు. కానీ ఈ రోజే 100 ఖర్చు చేస్తే, ఆ డబ్బు మీద రావాల్సిన రాబడిని కూడా వదులుకుంటున్నారు. ఆ రాబడి ఏటా 8 శాతం అనుకుని, ఖర్చును ఏటా సమానంగా పంచితే, కొత్త ఏసీకి ఏడాదికి 11.7 పడుతుంది. కాయిల్‌కు, పాత యంత్రం మూడేళ్లు నడిస్తే 11.6, నాలుగేళ్లయితే 9.1, ఐదేళ్లయితే 7.5 పడుతుంది. రెండేళ్లకే చేతులెత్తేస్తే 16.8. అంటే ఈ మరమ్మతు గిట్టుబాటు కావాలంటే యంత్రం కనీసం మూడేళ్లు నడవాలి. అందుకే కంప్రెసర్ కొలతల గురించి అంతగా పట్టుబట్టాను. మరమ్మతు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే మార్చేయాలనే సూత్రం ఒకటి ప్రచారంలో ఉంది. అందులో మిగిలిన ఆయుష్షు ప్రస్తావనే లేదు గనుక నేను దానికి పెద్దగా విలువ ఇవ్వను.

ఈ లెక్కను తారుమారు చేయగలిగేది కరెంటు బిల్లు. పాత యంత్రం సామర్థ్య రేటింగ్ (ఒక యూనిట్ కరెంటుతో ఎన్ని యూనిట్ల వేడిని తీసేస్తుందో చెప్పే అంకె, స్టార్ల సంఖ్య కాదు) 3, కొత్తదాని రేటింగ్ 4 అయితే, అంతే చల్లదనానికి నాలుగో వంతు కరెంటు తగ్గుతుంది. ఏసీ వాడని నెల బిల్లును వాడిన నెలల బిల్లుల్లోంచి తీసేస్తే, చల్లదనం కోసం ఏడాదికి మీరు ఎంత కడుతున్నారో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. మన కొలమానంలో అది 12 అయితే ఏటా 3 మిగులుతుంది, కొత్త ఏసీ ఖర్చు 11.7 నుంచి 8.7కు దిగి, నాలుగేళ్ల మరమ్మతు ఖర్చు 9.1 కంటే తక్కువవుతుంది. అదే 4 అయితే మిగిలేది 1 మాత్రమే, మరమ్మతే చౌక. కాబట్టి చల్లదనం కోసం ఏటా కట్టే బిల్లు కొత్త ఏసీ ధరలో పదో వంతును బాగా దాటితే, కాయిల్ ఒక్కటే పాడైనా సరే, కొత్తదాని వైపు మొగ్గవచ్చు.

కొత్తది కొనేలా అయితే ముందు డక్టులను పరీక్ష చేయించండి. మామూలు ఇళ్లలో డక్టుల గుండా వెళ్లే గాలిలో 20 నుంచి 30 శాతం వరకు అతుకుల దగ్గర, చిల్లుల దగ్గర బయటికి పోతుందని అంచనా. పై అంతస్తుకు వెళ్లే డక్టు అటక మీద ఊడి ఉంటే, ఎంత గొప్ప యంత్రం పెట్టినా మీ పై గదులు ఇలాగే ఉంటాయి. "ఈసారి ఒక టన్ను ఎక్కువ పెట్టించుకోండి" అనే సలహాను కూడా ఇంటి వేడి లెక్క కట్టకుండా ఒప్పుకోకండి. అవసరానికి మించిన యంత్రం గదిని చప్పున చల్లబరిచి ఆగిపోతూ, మాటిమాటికి మొదలవుతూ, గాలిలోని తేమను సరిగా తీయదు.

డబ్బు ఎక్కడి నుంచి అన్నదానికి వస్తే, కాయిల్ ఖర్చు మీ మూడు వారాల ఇంటి ఖర్చుకు కాస్త అటూఇటూగా ఉంటుంది. దాన్ని అత్యవసర నిధి నుంచే కట్టేయండి, ఇంకా మూడు నెలలకు పైగా సరిపడే మొత్తం మిగులుతుంది. కొత్త ఏసీ మొత్తాన్ని మాత్రం అందులోంచి తీయకండి, ఒకటిన్నర నెలల నిధితో ఏ కుటుంబమూ నిశ్చింతగా ఉండలేదు. సగం నిధి నుంచి ఇచ్చి, మిగతా సగం వాయిదాల్లో కట్టండి. ఆ వాయిదాలు ఒప్పుకునే ముందు, మొత్తం ఒకేసారి చెల్లిస్తే ధర ఎంతో విడిగా రాయించుకోండి. వాయిదాల్లో 100 కట్టేది, రొక్కంగా 92కే ఇస్తామంటే, 12 నెలల "వడ్డీ లేని" ఆ వాయిదాలు నిజానికి ఏడాదికి దాదాపు 16 శాతం వడ్డీకి తీసుకున్న అప్పుతో సమానం. దానికి ప్రాసెసింగ్ ఫీజు తోడైతే ఇంకా ఎక్కువ. అంతకంటే తక్కువ వడ్డీకి బ్యాంకు అప్పు గానీ, డిపాజిట్ మీద రుణం గానీ దొరికితే, అది తీసుకుని రొక్కం ధరకే బేరం ముగించండి.

కాయిల్ మార్పించి ఊరుకుంటే నాలుగేళ్ల తర్వాత ఇదే ప్రశ్న మళ్లీ వస్తుంది. ఈ నెల నుంచే కొత్త ఏసీ ధరలో 2 శాతం చొప్పున విడి రికరింగ్ డిపాజిట్‌లో వేస్తూ వెళ్తే, 48 నెలల్లో అసలే 96 అవుతుంది, వడ్డీతో కలిపి పూర్తి ధర చేతికొస్తుంది. ధరలు పెరిగితే ఆ తేడా మాత్రమే చూసుకోవాలి. వార్షిక నిర్వహణ ఒప్పందం తీసుకోవాలా అన్నది అందులో గ్యాస్, కాయిల్, కంప్రెసర్ చేరి ఉన్నాయా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. అవి మినహాయించి శుభ్రం చేయడం వరకే రాసి ఉంటే, వేసవికి ముందు ఒకసారి డబ్బిచ్చి శుభ్రం చేయించుకుని, నీరు పోయే డ్రెయిన్ పైపును కూడా అప్పుడే కడిగించి, ఫిల్టర్ మాత్రం మీరే నెలకోసారి చూసుకుంటే సరిపోతుంది.