లిఫ్టు దగ్గర విన్న పంచనామా

‘బ్రెజిల్‌లో తెల్లవారూ నల్లవారూ కలిసిమెలిసి బతుకుతారంటారు కదా, మరి అక్కడి నల్లజాతి ర్యాప్ గాయకులకు అంత కోపం దేనికి? ఆ పాటల వల్ల జాతివివక్ష ఏమైనా తగ్గిందా?’ అని అడిగారు. 2018 నుంచి రెండేళ్లపాటు సావో పాలోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినవాడిగా చెబుతున్నాను, మీ ప్రశ్న ‘కోపం’ అన్న మాట దగ్గరే దారి తప్పింది. నేను విన్న పాటల్లో కోపం కంటే ముందు వినిపించేది లెక్క: తేదీ, గంట, పేట పేరు, పోయిన ప్రాణాల సంఖ్య. నేరం జరిగినచోట పోలీసులు పంచనామా రాస్తారు. నేరం చేసినవారే పోలీసులైతే ఆ కాగితం ఎవరు రాయాలి? సావో పాలో శివార్లలో దానిని ర్యాప్ రాసింది.

ఇది నాకు పుస్తకాల వల్ల కాక ఒక లిఫ్టు వల్ల తెలిసింది. నేను వెళ్లిన నాలుగో నెలలో ఒక ఆదివారం మా మేనేజరు మధ్యాహ్న భోజనానికి పిలిచారు. వారి ఇల్లు మొయేమా అనే ఖరీదైన పేటలో ఉంది. మా టీములో టెస్టింగు పని చూసే సహోద్యోగి, నల్లజాతి యువకుడు, నేను మెట్రో దిగి కలిసి నడిచాము. నా చేతిలో పెద్ద స్టీలు గిన్నెడు పులిహోర, మూత జారకుండా గుడ్డతో కట్టినది. అతని చేతిలో గ్వరానా అనే కూల్‌డ్రింకు సీసాల సంచి. అక్కడి అపార్టుమెంట్లకు రెండు గేట్లుంటాయి, మొదటిది మూసుకున్నాకగాని రెండోది తెరుచుకోదు, మధ్యలో బోనులో నిలబడినట్టు నిలబడాలి. అద్దాల గదిలోని కాపలాదారు మమ్మల్నీ మా చేతుల్లోని సరుకునూ చూసి, డెలివరీ అయితే సర్వీసు లిఫ్టులో వెళ్లమని మైకులో చెప్పాడు. అక్కడ అతిథులకూ ఇంటివారికీ ఒక లిఫ్టు, పనివారికీ సామానుకూ కుక్కలకూ చెత్తబుట్టలకూ ఇంకొకటి.

మేము భోజనానికి వచ్చామని నాకు వచ్చిన ముక్కల పోర్చుగీసులో చెప్పాను. నా యాస వినగానే ఏ దేశమని అడిగాడు, ఇండియా అన్నాను. అంతే, గదిలో నుంచి బయటికి వచ్చి ‘క్షమించండి, డాక్టరుగారూ’ అన్నాడు. వైద్యం చదవకపోయినా, డబ్బున్నట్టు కనిపించే ప్రతివాడూ అక్కడ డాక్టరే. తరువాత నా పక్కనున్నవాడిని చూపించి, ‘మరి ఈయన మీతోపాటేనా?’ అని అడిగాడు. అడిగింది నన్ను. ఆ నగరంలోనే పుట్టి, ఆ భాషే మాట్లాడుతూ పెరిగినవాడికి, నాలుగు నెలల క్రితం విమానం దిగిన నేను హామీ ఉండవలసి వచ్చింది.

నా సహోద్యోగి ఏమీ అనలేదు. లిఫ్టు పక్కన గోడకు ఒక పలక ఉంటుంది. 1996 నాటి నగర చట్టం ప్రకారం సావో పాలోలోని భవనాలన్నీ దానిని పెట్టాలి. జాతి, లింగం, రంగు, పుట్టుక, సామాజిక స్థితి వంటి కారణాలతో లిఫ్టు వాడకంలో వివక్ష చూపితే జరిమానా అని దాని సారాంశం. అతను పలక ముందు నిలబడి, తొందర లేకుండా, పరీక్ష రాసేవారికి డిక్టేషన్ చెప్పినట్టు మొదటి నుంచి చివరి వరకు పైకి చదివాడు. కాపలాదారు తలదించుకున్నాడు. అతనూ నల్లనివాడే, ఈశాన్య రాష్ట్రాల నుంచి పొట్టకూటికి వచ్చినవాడే. ఎవరిని ఏ లిఫ్టు ఎక్కించాలో అతనికి నేర్పినవారు పై అంతస్తుల్లో ఉన్నారు. మేము అతిథుల లిఫ్టు ఎక్కాము. తలుపు మూసుకున్నాక నా సహోద్యోగి అదే గొంతుతో ఇంకా ఏవో వాక్యాలు చెప్పసాగాడు: నేరచరిత్ర లేని శివారు యువకుల్లో నూటికి 60 మంది ఇప్పటికే పోలీసు హింసకు గురయ్యారని, పోలీసులు చంపే ప్రతి నలుగురిలో ముగ్గురు నల్లవారని, విశ్వవిద్యాలయ విద్యార్థుల్లో నల్లవారు నూటికి ఇద్దరేనని, సావో పాలోలో ప్రతి నాలుగు గంటలకూ ఒక నల్లజాతి యువకుడు హింసకు బలవుతున్నాడని. నోటీసులో మిగిలిన భాగమే చదువుతున్నాడనుకున్నాను.

అది నోటీసు కాదు, రసియొనైస్ ఎంసీస్ అనే నలుగురి బృందం 1997లో తెచ్చిన ఆల్బంలో ఒక పాటకు ముందుమాట. ఆల్బం పేరుకు తెలుగులో ‘నరకంలో బతికి ఉండటం’ అని అర్థం చెప్పుకోవచ్చు. మానో బ్రౌన్, ఐస్ బ్లూ నగరపు దక్షిణపు శివార్ల నుంచి, ఎడి రాక్, కేఎల్ జే ఉత్తరపు వైపు నుంచి వచ్చి 1988లో జట్టు కట్టారు. ఆ సంవత్సరానికి ఒక ప్రత్యేకత ఉంది. 1888 మే 13న బానిసత్వాన్ని రద్దు చేసిన బ్రెజిల్, అమెరికా ఖండాల్లో ఆ పని అందరికంటే ఆఖరున చేసిన దేశం, 1988లో నూరేళ్ల పండుగ చేసుకుంది. సుమారు 48 లక్షల మంది ఆఫ్రికన్లను ఓడల్లో దింపుకొని, విడిచిపెట్టిన రోజున సెంటు భూమి కూడా ఇవ్వని దేశం ఏ ముఖంతో పండుగ చేసుకుంటుందని అక్కడి నల్లజాతి ఉద్యమకారులు వీధికెక్కిన ఏడాది అది. సావో బెంతో మెట్రో స్టేషను నునుపు గచ్చు మీద బ్రేక్ డాన్సులు చేస్తున్న కుర్రవాళ్లు మైకు పట్టుకున్నదీ ఆ రోజుల్లోనే.

మీరన్న ‘కలిసిమెలిసి’ అన్న మాటకు అక్కడ ‘జాతుల ప్రజాస్వామ్యం’ అని గౌరవప్రదమైన పేరు ఉండేది. మా దగ్గర అమెరికాలోలాగా వేరువేరు బస్సు సీట్లు లేవు, కాబట్టి వివక్ష లేదు అని దాని వాదం. రోగం లేదని ముందే రాసిపెట్టిన చోట రోగిని ఎవరు లెక్కపెడతారు? అందుకే లెక్క చెప్పడమే అక్కడ తిరుగుబాటు అయిందని నేనంటాను. 2022 జనాభా లెక్కల్లో తాము నల్లవారమని చెప్పుకున్నవారు 10.2 శాతం, ‘పార్దు’ అనే మిశ్రమవర్ణం వారమని చెప్పుకున్నవారు 45.3 శాతం. నోరు విప్పనంతసేపు నేనూ పార్దునే. ఎండలో తిరగకు, ఇక్కడివాడనుకుంటారు అని నాకు హితవు చెప్పిన తెలుగు మిత్రులకు ఆ అంకెలో తామూ కలుస్తారన్న ఆలోచనే రాలేదు. వారిని మాత్రం అనడమెందుకు, హైదరాబాదులో నేనిప్పుడుంటున్న గేటెడ్ కమ్యూనిటీలో పనివారికి వేరే లిఫ్టు ఉంది, వారు దానినే వాడాలన్న నోటీసూ ఉంది.

పంచనామా అన్నమాట ఊరికే వాడలేదు. అదే ఆల్బంలో ‘ఒక ఖైదీ దినచర్య’ అనే అర్థం వచ్చే పాట 1992 అక్టోబరు 1, ఉదయం 8 గంటలు అని మొదలవుతుంది. మరునాడు కరందిరు జైలు తొమ్మిదో బ్లాకులో అల్లర్లను అణచడానికి వెళ్లిన మిలిటరీ పోలీసులు 111 మంది ఖైదీలను చంపారు. పోలీసు ఒక్కడు కూడా చావలేదు. ఆ పాటను మానో బ్రౌన్, అదే జైలులో ఖైదీగా గడిపిన జొసెనీర్‌తో కలిసి రాశాడు. ఏడు నిమిషాలు దాటిన ఆ పాటలో నినాదమేమీ లేదు. కాపలావాడి చూపు, సిగరెట్టు, ములాఖత్ లేని రోజు, ఆ తరువాత రక్తం. 2013, 2014లలో 74 మంది పోలీసులకు పడిన శిక్షలను 2016లో అప్పీలు కోర్టు రద్దు చేసింది, పైకోర్టు వాటిని మళ్లీ నిలబెట్టాక 2022 డిసెంబరులో అప్పటి అధ్యక్షుడు బోల్సొనారో క్షమాభిక్ష ప్రకటించాడు. నేను తెనాలి వైపువాడిని. 1991 ఆగస్టు 6న చుండూరులో దళితులను చంపి గోతాల్లో కుక్కిన కేసులో 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షలు 2014లో హైకోర్టులో ఎలా కొట్టుకుపోయాయో మా ప్రాంతంవారికి చెప్పనక్కరలేదు. తీర్పు మారినా తేదీ మారదు కాబట్టి, తేదీని పాటలో పెట్టడం ఎంత పెద్ద పనో నాకు వేరేవారు వివరించవలసిన అవసరం రాలేదు.

ఇక వివక్ష తగ్గిందా అన్న ప్రశ్న. పోలీసు తుపాకీ తగ్గలేదు. విశ్వవిద్యాలయం తలుపు మాత్రం కొంత తెరుచుకుంది: 2012 చట్టం ప్రకారం కేంద్ర విశ్వవిద్యాలయాల్లో సగం సీట్లు ప్రభుత్వ బడుల్లో చదివినవారికి, అందులో జాతుల వాటా రాష్ట్ర జనాభాను బట్టి. ఆ చట్టం ర్యాప్ వల్లనే వచ్చిందంటే ఉద్యమకారులకు అన్యాయం చేసినట్టే. 1978 జులైలో సావో పాలో మునిసిపల్ థియేటర్ మెట్ల మీద ఏకీకృత నల్లజాతి ఉద్యమం మొదలైనప్పుడు, దానికి కారణాల్లో ఒకటి నలుగురు నల్లజాతి పిల్లలను ఒక క్లబ్బు వాలీబాల్ జట్టులోకి రానివ్వకపోవడం. 2019 నవంబరులో ఎమిసీడా అనే ర్యాప్ గాయకుడు ఆ థియేటర్ లోపలే కచేరీ చేసి, ఆనాటి ఉద్యమకారులను ప్రేక్షకుల మధ్య లేచి నిలబడమని కోరాడు. అయినా సామాజిక శాస్త్రవేత్తల ఇరవై పుస్తకాలు చేయలేని పని ఒక క్యాసెట్ చేసిందని నా మొండి అభిప్రాయం: రెండు శాతం అన్న అంకెను స్కూలు ముఖం సరిగా చూడని కుర్రవాడి నోట కంఠతా పెట్టించింది.

ఆ పంచనామాలోనూ కొందరిని సాక్షులుగా పిలవలేదు. తొలినాళ్ల పాటల్లో ఆడవారి గురించి రాసిన రాతలు వింటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది. రసియొనైస్ మొదటి పాటలు వచ్చిన సంకలనంలోనే షరిలైనీ అనే నల్లజాతి యువతి పాట కూడా ఉంది. నా సహోద్యోగికి ఆమె పేరు తెలియదు, నేనే చెప్పవలసి వచ్చింది.

2019లో అతను తన ఇంటికి పిలిచాడు. లిలాస్ మెట్రో లైను చిట్టచివరి స్టేషను కపావ్ రెదోందో, మానో బ్రౌన్ పెరిగిన పేట. ఈ పేట పేరు చెబితే పని ఇవ్వరని, ఇంటి పనికి దరఖాస్తు పెట్టేటప్పుడు వేరే పేటలోని చెల్లెలి చిరునామా రాసేదాన్నని అతని తల్లి చెప్పారు. కొడుకు అద్దెకు తెచ్చిన ఆ క్యాసెట్‌ను చర్చికి వెళ్లే ఇంట్లో ఇలాంటివి వద్దని ఆవిడ ఒకసారి తిరిగి ఇచ్చేయించారట. మేము వెళ్లేసరికి ఆవిడ మనవరాలు వంటింటి బల్ల మీద ఉనికాంప్ విశ్వవిద్యాలయం ప్రవేశపరీక్షకు చదువుకుంటోంది. 2020 పరీక్షకు తప్పనిసరిగా చదవవలసిన రచనల జాబితాలో ఆ ఆల్బం ఉంది, దాని సాహిత్యం పుస్తకంగా అచ్చయి ఆ పిల్ల ముందు తెరిచి ఉంది. ఇరవై ఏళ్ల నాటి వీధి మాట ఒకటి అర్థం కాక ఆమె పెన్సిలుతో గీత గీసి మామయ్యను అడిగింది. అతను తడుముకుంటుండగా, అన్నం దించుతున్న అమ్మమ్మ వెనక్కి తిరగకుండానే అర్థం చెప్పి, తరువాతి రెండు పంక్తులు కూడా అప్పజెప్పారు.