పాసివ్ వాయిస్ గురించి తమ్ముడి కూతురికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

బ్యాంకు పరీక్షకు చదువుతున్నావనీ, పాసివ్ వాయిస్ పట్టిక మొత్తం బట్టీ పట్టినా వాక్యం ఎదురయ్యేసరికి తడబడుతున్నావనీ రాశావు. తెలుగు మీడియం పిల్లలకు ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పినవాడిగా నేననేది ఒక్కటే, ఆ పట్టికను కొన్నాళ్లు పక్కన పెట్టు.

పాసివ్ అంటే ‘బడు’ చేర్చడమని మనకు నేర్పుతారు. ‘రాముని చేత రావణుడు చంపబడెను’ అని నేనూ ఏళ్ల తరబడి నల్లబల్ల మీద రాశాను. కానీ ‘ఇల్లు అద్దెకు ఇవ్వబడును’ వంటి బోర్డుల మీద తప్ప ఆ ‘బడు’ మన నోట పలకదు. దానికి బదులు ఇంట్లో అనే మాటే తీసుకో: ‘దొంగను పట్టుకున్నారు.’ పట్టుకున్నది పోలీసులో, వీధివాళ్లో మనం చెప్పలేదు. క్రియ చివరనున్న ‘రు’ ఆ సంగతి చూసుకుంటుంది కనుక కర్త లేకపోయినా వాక్యం నిలబడుతుంది. ఇంగ్లీషుకు ఆ వెసులుబాటు లేదు, కర్త స్థానం ఖాళీగా ఉండకూడదు కాబట్టి దొంగనే ముందుకు తెచ్చి అక్కడ కూర్చోబెట్టి ‘ద థీఫ్ వాజ్ కాట్’ అంటారు. పట్టుకున్నదెవరో చెప్పి తీరవలసినప్పుడే ‘బై’ వస్తుంది; పరీక్షల అలవాటు కొద్దీ ప్రతి వాక్యానికీ దాన్ని తగిలించకు.

ఇక రూపాల సంగతి తేలిక. ‘ఈజ్ కాట్’, ‘వాజ్ కాట్’, ‘హాజ్ బీన్ కాట్’, ‘విల్ బి కాట్’ అని పైకి చదివి చూడు. ‘కాట్’ కదలదు, కాలమంతా ముందున్న మాటలే మోస్తాయి.

మనవాళ్లు ఎక్కువగా జారిపడే చోటు వేరే ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో సెలవు చీటీలో నేను ‘మై గ్రాండ్‌ఫాదర్ వాజ్ డైడ్’ అని రాస్తే, మా హెడ్మాస్టరు సెలవు మంజూరు చేసి, ఆ ‘వాజ్’ కింద మాత్రం ఎర్రసిరాతో గీత గీశారు. ‘యాక్సిడెంట్ వాజ్ హాపెన్డ్’ కూడా ఇటువంటిదే. క్రియను ‘ఎవరిని? దేనిని?’ అని అడుగు. చనిపోవడానికీ, జరగడానికీ జవాబు రాదు కనుక వాటికి పాసివ్ లేదు. దీనికి తలకిందులుగా, మనం ‘పుట్టాను’ అని ఊరుకునేచోట ఇంగ్లీషు ‘ఐ వాజ్ బోర్న్’ అంటుంది, అక్కడ ‘వాజ్’ మరచిపోతే తప్పే. ‘గ్లాసు పగిలింది’ అంటే ‘ద గ్లాస్ బ్రోక్’. ‘గ్లాసు పగలగొట్టారు’ అంటే ‘ద గ్లాస్ వాజ్ బ్రోకెన్’. రెండో దానిలో ఎవరిదో చెయ్యి ఉంది, పేరే బయటపెట్టలేదు. (మీ నాన్న చిన్నప్పుడు మొదటి వాక్యమే చెప్పేవాడు.)

ఇప్పుడు తెలుగు పేపరు ముందేసుకుని ‘అరెస్టు చేశారు’, ‘వాయిదా వేశారు’, ‘ప్రారంభించారు’ వంటి వాక్యాల్లో కర్త పేరు లేనివి పది ఏరి, వాటిని ఇంగ్లీషులో రాయి. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ కాగితం తెచ్చావంటే కలిసి దిద్దుదాం.

మీ పెదనాన్న